ఆర్‌టీఎల్ డాంగిల్‌లో డాలస్ వాతావరణ రేడియో (162.400): మాట వస్తోంది, స్పష్టంగా లేదు. ఏ సెట్టింగ్ మార్చాలి?

పాత_ఆపరేటర్ (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్కారమండీ. మాది కృష్ణా జిల్లా. 132 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం ప్లేనోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, మా ఆవిడా, మూడేళ్ల మనవరాలూ.

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ గాలివానల టెన్షన్ మొదలవుతుంది. ఫోను హెచ్చరిక మోగిస్తుంది, కాదనను. కానీ మోగేలోపు ఆకాశం సంగతేమిటో ఎవరైనా చెబుతుంటే వినాలనిపిస్తుంది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్లు. అప్పట్నుంచీ తుఫాను మాట వినబడితే రేడియో పక్కకు చేరడం అలవాటైపోయింది. ఈ దేశంలో వాతావరణ శాఖ వాళ్లు రాత్రీ పగలూ రేడియోలో చెబుతూనే ఉంటారనీ, 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు దానికి ఏడు చానళ్లున్నాయనీ మా అల్లుడు చెప్పాడు. డాలస్‌ది 162.400, ఫోర్ట్‌వర్త్‌ది 162.550. అతని డ్రాయర్లో ఎప్పుడో కొన్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 డాంగిల్ (లాప్‌టాప్‌కి గుచ్చితే దాన్ని రేడియోగా మార్చే చిన్న పరికరం) ఉంటే, పాత లాప్‌టాప్‌లో ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ అనే రేడియో ప్రోగ్రాం వేసి "మామయ్యా, మీకు మంచి కాలక్షేపం" అని చేతిలో పెట్టాడు.

కాలక్షేపం బాగానే ఉంది, మాటే సరిగ్గా లేదు. నేను గమనించినవి రాస్తాను.

మాట 162.400 మీద రావడం లేదు. 162.4075 మీద కాస్త నయంగా ఉంది. అక్కడ కూడా గొంతు పెంచి పలికిన చోటల్లా కరకరమంటుంది. నెమ్మదిగా చదివే ఉష్ణోగ్రతలు అర్థమవుతాయి, "థండర్‌స్టార్మ్" అనేసరికి చిరిగిపోతుంది. వెనకాల ఎప్పుడూ బుసబుస. వీటన్నిటికీ మించి, గాలి వేగం చెబుతుంటే మధ్యలో ఎక్కడిదో స్పానిష్ పాట వినిపిస్తుంది! అది ఎఫ్ఎం స్టేషన్‌దని అల్లుడన్నాడు. 162 మీదకి ఎఫ్ఎం ఎలా వచ్చిందో అతనికీ తెలీదు.

తెర మీద ఇలా ఉంది: గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) చివరిదాకా జరిపి 49.6. ఆర్‌టీఎల్ ఏజీసీకి (గెయిన్ దానంతట అదే సర్దుకునే ఏర్పాటు) టిక్కు ఉంది. మోడ్ ఎన్ఎఫ్ఎం (మాటకు వాడే సన్న ఎఫ్ఎం), బ్యాండ్‌విడ్త్ 8000 హెర్ట్జ్. శాంపుల్ రేటు 2.4. డాంగిల్‌తో వచ్చిన రెండు పుల్లల యాంటెన్నా పూర్తిగా సాగదీసి, మేడ మీద గది కిటికీ దగ్గర ట్రైపాడ్ మీద అడ్డంగా పెట్టాం. గెయిన్ తగ్గిస్తే ఉన్న మాట కూడా పోతుందేమోనని దాని జోలికి వెళ్లలేదు. ఏది ముందు ముట్టుకోవాలో, ఎందుకు ముట్టుకోవాలో కూడా చెప్పండి. కారణం తెలియకుండా స్విచ్ వేసే అలవాటు లేదు.

బుధవారం_బీప్

వెదర్ రేడియో ఒకటి కొనండి. ముప్పై నలభై డాలర్లలో వస్తుంది, బ్యాటరీ మీద పనిచేస్తుంది, దానంతట అదే మోగుతుంది. లాప్‌టాప్, డాంగిల్, యాంటెన్నా ఇవన్నీ సరదాకి. సుడిగాలి వచ్చే రాత్రి విండోస్ అప్‌డేట్ అంటే ఏం చేస్తారు?

కోయాక్స్_కుమార్ (రిచర్డ్‌సన్)

పైన చెప్పింది నిజమే. 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి ఈఎఫ్3 స్థాయి (తీవ్రమైన) టోర్నాడో ఉత్తర డాలస్ మీదుగా మా రిచర్డ్‌సన్ దాకా వచ్చింది. మా వీధిలో కరెంటు పోయింది, వైఫై పోయింది, మెట్ల కింద కూర్చుని విన్నది బ్యాటరీ రేడియోనే. కొనండి బాబాయ్ గారూ. కానీ మీరు అడిగింది అది కాదు కదా. మీ డాంగిల్ సంగతికి వద్దాం.

మీరు రాసిన దాంట్లో నాలుగు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. విడివిడిగా తీస్తే తేలిగ్గా పోతాయి.

ముందు ఫ్రీక్వెన్సీ. డాలస్ ట్రాన్స్‌మిటర్ 162.400 మీదే ఉంటుంది, అది జరగదు. మీకు 7.5 కిలోహెర్ట్జ్ పక్కన వస్తోందంటే తేడా మీ వైపే ఉంది. 162 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) అంటే 162 హెర్ట్జ్. అంటే మీ తేడా యాభై పీపీఎం దాకా ఉంది. పాత నీలం డాంగిళ్లలో అంత తేడా మామూలే, వీ3లో ఉండదు. దాంట్లో ఉష్ణోగ్రతకు సర్దుకునే మంచి క్రిస్టల్ ఉంటుంది, ఒకటి రెండు పీపీఎం దాటదు. కాబట్టి సోర్స్ ప్యానెల్‌లో పీపీఎం కరెక్షన్ పెట్టె చూడండి. మీ అల్లుడు గారు ఇదివరకు వేరే డాంగిల్‌కి పెట్టిన అంకె అందులో ఉండిపోయి ఉంటుంది. సున్నా చేయండి. ఆ తర్వాత వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లు గీతలుగా కిందికి దిగే బొమ్మ) 162.400 గీత సరిగ్గా మధ్యకు వస్తుందో లేదో చూసి, అవసరమైతే ఒక అంకె అటో ఇటో.

ఇక బ్యాండ్‌విడ్త్. మాట చిరిగిపోవడానికి సగం కారణం ఇదే. వాతావరణ రేడియో ఎఫ్ఎం సిగ్నల్ మాట గట్టిగా ఉన్నప్పుడు అటు 5, ఇటు 5 కిలోహెర్ట్జ్ ఊగుతుంది. దానికి మాటలోని మూడు కిలోహెర్ట్జ్ కలుపుకుంటే మొత్తం పదహారు కావాలి. మీరు 8000 కిటికీ తెరిచి కూర్చున్నారు. నెమ్మదిగా చదివినప్పుడు ఊగడం తక్కువ కాబట్టి పట్టింది, గట్టిగా పలకగానే అంచులు తెగాయి. 16000 పెట్టండి. ఈ ఏడు చానళ్ల మధ్య ఎడం 25 కిలోహెర్ట్జ్ కాబట్టి పక్కవాడు దూరతాడన్న భయం లేదు. మరీ 30 వేలకు తెరవకండి, అదనంగా వచ్చేదంతా బుసే. డీ-ఎంఫసిస్ అని ఉంటే 75 మైక్రోసెకన్లు వేసి చూడండి, పై స్థాయి బుస కొంత తగ్గుతుంది.

అసలు సంగతి గెయిన్. స్పానిష్ పాట ఎక్కడ్నుంచి వచ్చిందంటే, డాలస్‌కి దక్షిణాన సెడార్ హిల్ దగ్గర ఎఫ్ఎం, టీవీ టవర్లు గుంపుగా ఉన్నాయి. వాటి శక్తి ముందు ఈ వాతావరణ సిగ్నల్ చాలా చిన్నది. గెయిన్ 49.6 పెడితే డాంగిల్ ముందు భాగం ఆ పెద్ద సిగ్నళ్లతోనే నిండిపోతుంది. లోపలి చిప్ 8 బిట్లదే, దానికి అంత ఓపిక లేదు. నిండిపోయాక లేనిచోట దొంగ సిగ్నళ్లు పుట్టిస్తుంది. పాట అసలుదో దొంగదో తేల్చాలంటే గెయిన్ ఒక మెట్టు దించండి. అసలు సిగ్నల్ మీరు దించినంతే తగ్గుతుంది. దొంగది అంతకు మించి కూలిపోతుంది.

గెయిన్ ఎంత పెట్టాలో అంకె అడగకండి, మీ ఇంటికీ మా ఇంటికీ ఒకటి కాదు. పద్ధతి ఇది: రెండు ఏజీసీలూ (ట్యూనర్‌దీ, ఆర్‌టీఎల్‌దీ) తీసేయండి. గెయిన్ సున్నా నుంచి పైకి జరపండి. కొలతకి 162.400 కాదు, బలహీనంగా వచ్చే ఫోర్ట్‌వర్త్ 162.550 పెట్టుకోండి, ఎందుకంటే బలమైన స్టేషన్ మీద తేడా కనపడదు. పైన ఎస్‌ఎన్‌ఆర్ మీటర్ (బుస కంటే సిగ్నల్ ఎంత ఎత్తుందో చూపేది) ఉంటుంది. గెయిన్ పెంచుతుంటే మొదట్లో అది పెరుగుతుంది, ఒక చోట ఆగిపోతుంది, ఆ తర్వాత బుస మట్టం లేచి అది పడిపోవడం మొదలవుతుంది. ఆగిన చోటికి ఒక మెట్టు కింద వదిలేయండి.

యాంటెన్నా ఆఖర్న చెబుతున్నా గానీ, దీన్ని సరిచేయకుండా మిగతావి ఎన్ని తిప్పినా సగమే. ఈ ప్రసారం నిలువు ధ్రువణంలో వస్తుంది. పుల్లలు ఒకటి పైకి, ఒకటి కిందికి నిలబెట్టండి. పూర్తిగా సాగదీయొద్దు, ఒక్కొక్కటి 44 సెంటీమీటర్లు. 162 దగ్గర పావు తరంగం 46 సెంటీమీటర్లు, లోహపు పుల్లకి కాస్త తగ్గించాలి. మనవరాలి స్కూలు స్కేలు పెట్టి కొలవండి చాలు, మిల్లీమీటర్లు అక్కర్లేదు.

ఈసీఈ_మూడో_సంవత్సరం (వరంగల్)

అన్నా, గెయిన్ చేత్తో తిప్పడం ఎందుకు? ట్యూనర్ ఏజీసీ వేస్తే అదే చూసుకుంటుంది కదా. మా ల్యాబ్‌లో అలాగే చేస్తాం.

కోయాక్స్_కుమార్ (రిచర్డ్‌సన్)

తమ్ముడూ, ల్యాబ్‌లో సిగ్నల్ జనరేటర్ నుంచి ఒకే సిగ్నల్ వస్తుంది, అక్కడ బాగానే ఉంటుంది. ఏజీసీకి నీకు ఏ స్టేషన్ కావాలో తెలియదు. ట్యూనర్ ఫిల్టర్ గుండా దూరినవాటిలో ఏది పెద్దదైతే దాన్ని బట్టి సర్దుకుంటుంది. పక్కన పోలీసు వాళ్లదో, పేజర్‌దో ఒక్క క్షణం మెరిసిందనుకో, గెయిన్ దిగిపోయి నీ స్టేషన్ మునుగుతుంది, మళ్లీ తేలుతుంది. ఆర్‌టీఎల్ ఏజీసీ ఇంకో రకం: ట్యూనర్ దాటాక డిజిటల్ వైపు పెంచుతుంది, సిగ్నల్‌తో పాటు బుసనూ అంతే పెంచుతుంది. తెర మీద గీత ఎత్తుగా కనిపిస్తుంది, చెవికి లాభం సున్నా.

పాత_ఆపరేటర్ (ప్లేనో, టెక్సస్)

కుమార్ గారూ, మీ మాట పట్టుకుని ఒక్కొక్కటే మార్చి, ప్రతి మార్పుకీ లాగ్ షీట్ రాశాను. పాత అలవాటు.

పీపీఎం పెట్టెలో 52 ఉంది. అల్లుణ్ని అడిగితే "ఆ డాంగిల్ ఎప్పుడో విరిగిపోయింది మామయ్యా" అన్నాడు. సున్నా చేయగానే మాట 162.400 మీద కూర్చుంది. బ్యాండ్‌విడ్త్ 16000 చేశాక "థండర్‌స్టార్మ్" పూర్తిగా వినిపించింది, ఎక్కడా చిరగలేదు.

గెయిన్ విషయం మీరు చెబుతుంటే నాకు మా సబ్‌స్టేషన్‌లో కరెంటు కొలిచే సీటీలు గుర్తొచ్చాయి. ఫాల్ట్ కరెంటు మరీ ఎక్కువైతే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ నిండిపోయి, సెకండరీలో వచ్చే వేవ్‌ఫారం మధ్యలో నరికినట్టు వస్తుంది. రిలే (ఫాల్ట్ కనిపెట్టి లైను ఆపించే పరికరం) దాన్ని నమ్మితే కొంప మునిగినట్టే. ఈ డాంగిల్‌దీ అదే కథ అన్నమాట. 49.6 నుంచి దిగుతూ వచ్చాను. 40.2 దగ్గర స్పానిష్ పాట సన్నబడింది, 36.4 దగ్గర మాయమైంది. వాతావరణం మాట మాత్రం అలాగే ఉంది, ఇంకా తేటపడింది. 162.550 పెట్టి మీటర్ చూస్తే 28.0 దగ్గర ఆగింది. ఒక మెట్టు కిందికి, 25.4లో ఉంచాను.

ఇంకొకటి మీరు చెప్పనిది దొరికింది. వాటర్‌ఫాల్‌లో సాయంత్రం ఆరు దాటాక ముగ్గు పిండి చల్లినట్టు అడ్డంగా తెల్లటి పొర ఒకటి పరుచుకునేది. పగలు ఉండేది కాదు. ఆకాశంలో ఏదో అనుకున్నాం. చూస్తే మా ఆవిడ దీపం పెట్టే వేళకి పూజ అలమరా చుట్టూ ఉన్న ఎల్ఈడీ సీరియల్ సెట్ వేస్తుంది! ప్లగ్గు పీకితే పొర పోయింది, పెడితే వచ్చింది. మూడుసార్లు పీకి పెట్టేసరికి "దేవుడి దగ్గర ఆ ఆటలేమిటి" అని కేకలేసింది. ఒప్పందం ఏమిటంటే ఆకాశం మబ్బు పట్టిన రోజు ఒత్తి దీపం మాత్రమే.

కొత్త అనుమానం. బుధవారం మధ్యాహ్నం లోపు ఒకసారి మాట ఆగిపోయి బర్రుమని చప్పుడు మూడుసార్లు వచ్చింది, తర్వాత కూతలాంటిది కాసేపు. డాంగిల్ మళ్లీ నిండిపోయిందా?

కోయాక్స్_కుమార్ (రిచర్డ్‌సన్)

సీరియల్ సెట్ పట్టుకున్నారంటే మీకు ఇంక నా అవసరం లేదు బాబాయ్ గారూ. అదే చేత్తో లాప్‌టాప్ చార్జర్ కూడా పీకి చూడండి. డాంగిల్‌ని లాప్‌టాప్‌కి అంటించినట్టు కాకుండా రెండు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ మీద దూరంగా పెట్టండి, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు వద్దు.

ఆ బర్రు డాంగిల్ గొడవ కాదు, వారానికోసారి చేసే పరీక్ష. వాతావరణం బాగోని బుధవారం అయితే వాయిదా వేస్తారు, జనం నిజం హెచ్చరికనుకుని కంగారు పడకుండా. బర్రుమన్న చప్పుడులో అంకెలున్నాయి: ఏ రకం హెచ్చరిక, ఏ కౌంటీకి (ఇక్కడి జిల్లా లాంటిది), ఎంతసేపు. మూడుసార్లు ఎందుకంటే ఒకసారి చెడినా మిగతా రెంటితో పోల్చి సరిచేసుకోవడానికి. తర్వాత వచ్చిన కూత 1050 హెర్ట్జ్ టోను, పాత రకం రేడియోలు దానికే మేల్కొంటాయి.

మీ ప్లేనో ఉన్న కోలిన్ కౌంటీ కోడ్ 048085. ముందు సున్నా, టెక్సస్‌కి 48, కోలిన్‌కి 085. డాలస్ కౌంటీ అయితే 048113. మల్టీమాన్-ఎన్‌జీ అనే ఉచిత ప్రోగ్రాంకి మీ ఆడియో ఇస్తే ఆ బర్రును అక్షరాలుగా తెర మీద రాస్తుంది. ఒక జాగ్రత్త, దానికిచ్చే ఆడియోలో స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు బుసను ఆపేసే సెట్టింగ్) ఉండకూడదు, మొదటి ముక్క తెగిపోతుంది. మీరు కొనబోయే రేడియోలో కూడా ఇదే కోడ్ వేయాలి, లేకపోతే చుట్టుపక్కల కౌంటీలన్నిటి కోసం అర్ధరాత్రి లేపుతుంది.

వీలైతే 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ని అడ్డుకునే చిన్న ఎఫ్ఎం ఫిల్టర్ ఒకటి యాంటెన్నాకీ డాంగిల్‌కీ మధ్య బిగించండి. అది పెట్టాక గెయిన్ పద్ధతి మళ్లీ మొదటి నుంచి చేయాలి, రెండు మూడు మెట్లు పైకి వెళ్లగలరు.

బుధవారం_బీప్

రేడియో కొన్నారా?

పాత_ఆపరేటర్ (ప్లేనో, టెక్సస్)

అల్లుడు ఆర్డర్ పెట్టాడండీ. అది హాల్లో మోగడానికి, ఇది నేను వినడానికి. ఫిల్టర్ కూడా అందులోనే కలిపాడు.

మేము శ్రావణమాసానికి ఇంటికి వెళ్లిపోతాం. డాంగిల్ నన్నే తీసుకెళ్లమన్నాడు. మన దగ్గర ఇలాంటి చానల్ ఏదైనా ఉందా? లేకపోతే కనీసం విజయవాడ కేంద్రం దీంట్లో వస్తుందా?

సీతమ్మధార_మేడ (విశాఖపట్నం)

గురువు గారూ, మన దేశంలో 162 మీద ఇరవైనాలుగు గంటలు వాతావరణం చెప్పే చానల్ లేదు. వాతావరణం మన చెవికి కాదు, కంటికి వస్తుంది. రష్యా వాళ్ల మెటియార్ ఉపగ్రహాలు రెండు, ఎం2-3 (2023లో ఎగిరింది), ఎం2-4 (2024), 137.900 లేదా 137.100 మెగాహెర్ట్జ్ మీద మబ్బుల బొమ్మలు పంపుతూ నెత్తి మీదుగా పోతుంటాయి. ఇదే డాంగిల్ చాలు. పాత అమెరికా నోవా ఉపగ్రహాలు 15, 18, 19 తేలిగ్గా దొరికేవి, 2025లో మూడింటినీ ఆపేశారు. కాబట్టి యూట్యూబ్‌లో ఆ పాత వీడియోలు చూసి టైం పాడు చేసుకోకండి.

మీరు నేర్చుకున్నది ఇక్కడ రెండు చోట్ల తిరగబడుతుంది. ఒకటి, ఎన్ఎఫ్ఎం కాదు, అది డిజిటల్ సిగ్నల్. దాదాపు 150 కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి. శాట్‌డంప్ అనే ప్రోగ్రాంలో ఉపగ్రహం పేరు ఎంచుకుంటే వెడల్పు సంగతి అదే చూసుకుంటుంది. రెండు, యాంటెన్నా నిలువుగా కాదు. పుల్లలు ఒక్కొక్కటి 53 సెంటీమీటర్లు, మధ్య 120 డిగ్రీల కోణంలో వీ ఆకారం, నేలకి సమాంతరంగా, వీ నోరు ఉత్తరానికో దక్షిణానికో. గెయిన్ పద్ధతి మాత్రం అక్షరాలా అదే: చివరిదాకా జరిపితే ఎఫ్ఎం స్టేషన్లు ముంచేస్తాయి, బొమ్మలో నల్లటి చారలు పడతాయి. మీ ఫిల్టర్ ఇక్కడా పనికొస్తుంది. మేడ మీద నాలుగు వైపులా ఆకాశం కనిపించే చోట పెడితే ఒక్కో ప్రయాణంలో పది నిమిషాలకు పైగా సిగ్నల్ ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజు ఆ బొమ్మ ఒక్కో గీతా దిగుతుంటే, శ్రీలంక నుంచి ఒడిశా దాకా మబ్బు సుడి తిరిగిన తీరు మన కళ్ల ముందే తేలుతుంది. మా వీధి వాళ్లందరూ అక్టోబరు, నవంబరుల్లో మా మేడ ఎక్కుతారు.

విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్. మామూలుగా ఈ ట్యూనర్ 24 మెగాహెర్ట్జ్ కిందికి దిగదు. వీ3లో మాత్రం డైరెక్ట్ శాంప్లింగ్ అని ఉంది, అందులో క్యూ బ్రాంచ్ ఎంచుకోండి, మోడ్ ఏఎం, బ్యాండ్‌విడ్త్ 9000 లేదా 10000. అప్పుడు ట్యూనర్ పక్కకి తప్పుకుంటుంది కాబట్టి గెయిన్ స్లైడర్ పనిచేయదు, తిప్పి విసుక్కోకండి. 44 సెంటీమీటర్ల పుల్ల చాలదు, పది మీటర్ల మామూలు వైరు మేడ మీద కట్టండి. ఎఫ్ఎం ఫిల్టర్ తీయాల్సిన పనిలేదు.

పాత_ఆపరేటర్ (ప్లేనో, టెక్సస్)

వైరు కట్టడం నాకొదిలేయండి, ముప్పై ఏళ్లు చేసింది అదే. మా మేడకి పడమర వైపు 11 కేవీ లైను పోతుంది, పదిహేను మీటర్ల దూరం. మీడియం వేవ్‌లో దాని గోల ఎంత ఉంటుందంటారు? ఇన్సులేటర్ పగిలితే చిటపటలు వస్తాయని తెలుసు, బాగున్న లైను సంగతి అడుగుతున్నా.

సీతమ్మధార_మేడ (విశాఖపట్నం)

బాగున్న లైనుతో పెద్ద ఇబ్బంది ఉండదు. వైరు మాత్రం లైనుకి సమాంతరంగా కాకుండా అడ్డంగా లాగండి, తెగినా లైను మీద పడనంత దూరం ఉంచండి. ఉరుములు మొదలైతే డాంగిల్ నుంచి పీకేయండి. చిటపటలు వానకి ముందు పెరిగి తర్వాత తగ్గితే ఇన్సులేటర్ మీద దుమ్ము, ఉప్పు పేరుకున్నట్టు. అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు.